నలభై ఎనిమిది చుట్లు

ఉప్పలయ్య మోటరు మూడోసారి కాలి వచ్చింది.

స్టేషన్ రోడ్డులోని నర్సింగం మేస్త్రి దుకాణం ముందు రిక్షా ఆగకముందే వాసన లోపలికి వచ్చింది. కాలిన వార్నీషు వాసన ఒకసారి ముక్కుకు పట్టిందంటే అన్నం ముందు కూర్చున్నా వదలదు. రాగి తీగతో మోటరు కాయిలు చుడుతున్న సరోజన తలెత్తకుండానే అది ఎవరి మోటరో పోల్చుకుంది. శివరాత్రికి ముందోసారి, శివరాత్రి వెళ్ళాక ఒకసారి, ఇప్పుడు ఉగాది పది రోజులుందనగా ఇంకోసారి. కిందటి రెండుసార్లూ దానికి కాయిళ్ళు చుట్టింది ఆమే.

ఉప్పలయ్య రిక్షా దిగి, మోటరు దించే ప్రయత్నం చేయకుండా దాని పక్కనే నిలబడ్డాడు. నెక్కొండకు అవతల రెండు కోసుల దూరం ఆయన ఊరు. బావి కింద రెండెకరాల వరి పొట్ట మీద ఉంది. ఇంకో వారం నీళ్ళు అందకపోతే పొట్టలోని గింజ పొట్టలోనే ఎండుతుంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు గాని, ముఖం చూసినవాళ్ళందరికీ తెలిసిపోయింది.

నర్సింగం మేస్త్రికి చేతిలో విద్య ఉంది. అది కాదనేవాడు వరంగల్‌లో లేడు. తిరుగుతున్న మోటరుకు చెవి ఆనించి ఏ వైపు బేరింగు అరిగిందో చెబుతాడు. అయితే ఆ చెవి మోటరుకే. మోటరు తెచ్చిన మనిషి నోరు తెరిస్తే, ఇంటి కథ వద్దు, మోటరు సంగతి చెప్పమంటాడు. మోటరు సంగతి చెప్పబోతే, అది నాకు తెలుసు, నువ్వు చెప్పేదేమిటంటాడు. అలా రెండు విధాలా నోరు మూసుకున్న రైతులే ఆయనను ఇంజనీరు సారని పిలుస్తారు. ఆయన ఐదో తరగతి దాటలేదని తెలిసినవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు.

మోటరు లోపలికి రాగానే మేస్త్రి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. స్టార్టరుకు పేలిక కట్టినవా అని. మోటరు మీద బరువెక్కువైతే స్టార్టరు దానంతటదే పడిపోయి మోటరును ఆపాలి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళల్లో ప్రతిసారీ బావి దగ్గరికి వెళ్ళలేక రైతులు ఆ మీటను గుడ్డపేలికతో బిగించి కడతారు. కట్టినవాడని తెలిస్తే మేస్త్రి అందరి ముందూ వాడి ఏడు తరాలనూ దులుపుతాడు. అందుకని కట్టని రైతు జిల్లాలో లేడు, కట్టానని ఆయనతో చెప్పిన రైతూ లేడు. ఉప్పలయ్య కూడా లేదన్నాడు.

మేస్త్రి మోటరు విప్పాడు. లోపల కాయిళ్ళన్నీ ఒక్క తీరుగా మాడి ఉన్నాయి. ఒక ఫేజు పోతే కొన్ని కాలి కొన్ని మిగులుతాయి. అన్నీ సమానంగా మాడాయంటే మోటరు మీద మోయలేనంత బరువన్నా పడి ఉండాలి, కాయిల్లో చుట్లన్నా తక్కువై ఉండాలి. అదే బావి, అదే పంపు, కొత్తగా బరువెక్కడి నుంచి వస్తుందని మేస్త్రి తనలో తాను అనుకున్నట్టే పైకి అన్నాడు. ఆ తర్వాత సరోజన వైపు తిరిగాడు. దుకాణంలో అప్పుడు ఆరుగురు రైతులున్నారు.

“నలభై ఎనిమిది చుట్టుమంటె నలభయ్యో, నలభై రెండో చుట్టినట్టున్నవ్. చేతులు కాయిలు మీద, చెవులు ముచ్చట్ల మీద ఉంటె లెక్క ఎట్ల నిలుస్తది.”

సరోజన చేతిలోని రాగి తీగ ఆగలేదు. చెక్క ఫరమా మీద ముప్పై ఆరో చుట్టు పడుతోంది. నలభై ఎనిమిది అయ్యాక తీగ కత్తిరించి, తెల్ల నూలుతో కాయిలుకు రెండు చోట్ల కట్టు వేసి, పక్కన పెట్టి, అప్పుడు లేచింది. కొత్తవాడలో ఏడేళ్ళ వయసు నుంచి రాట్నం మీద కండెలు చుట్టిన చేయి ఆమెది. వీధిలో పెండ్లి బ్యాండు వెళుతున్నా, ఇంట్లో ఇద్దరు కొట్లాడుకుంటున్నా ఆమెకు లెక్క తప్పదు. పదికొకసారి ఎడమచేతి వేలు దానంతటదే ముడుచుకుంటుంది. ఈ దుకాణంలో చేరిన పదేళ్ళలో ఆమెను ఏమన్నా అన్నారు గాని, లెక్క తప్పావని ఎవరూ అనలేదు.

మేస్త్రి ఉలితో కాలిన కాయిళ్ళను కోసి బయటికి లాగుతున్నాడు. కోసిన కాయిలుకు తీగల మొనలు చీపురు మొదలులా కనిపిస్తాయి, ఒక్కొక్కటి వేరు చేసి లెక్కపెట్టవచ్చు. సరోజన నేల మీద కూర్చుని మూడు కాయిళ్ళను లెక్కపెట్టింది. మూడింటిలోనూ నలభై ఎనిమిదే ఉన్నాయి. ఆ మాటే చెప్పింది.

“నీ లెక్క నువ్వే చూసుకుంటె అయిపాయెనా,” అన్నాడు మేస్త్రి, ఆ కాయిళ్ళను తుక్కు సంచిలోకి విసిరేస్తూ.

ఆయన ఒక్క కాయిలు తీసుకుని లెక్కపెట్టి ఉంటే ఐదు నిమిషాలు పట్టేది. ఆ ఐదు నిమిషాలు ఆయనకు లేకపోయాయి. అంతకంటే ఎక్కువ సమయం ఆమెకు ఆంక్షలు పెట్టడానికి దొరికింది. ఈ మోటరు తానే చుడతానన్నాడు. నేటి నుంచి పనిచేసేటప్పుడు రైతులతో ఒక్క మాట మాట్లాడకూడదన్నాడు. ఇంకో మోటరు కాలివస్తే హైదరాబాదు నుంచి లెక్క చూపించే యంత్రాన్నీ, దాన్ని తిప్పే మనిషినీ తెస్తానన్నాడు. ఆమె కూర్చునే చోటికీ రైతులు కూర్చునే బల్లకూ మధ్య అప్పటికప్పుడే ఒక గోనెపట్టా కట్టించాడు. ఆరుగురు రైతులూ చూపులు నేలకు దించుకున్నారు. సరోజనకు ఏడుపు రాలేదు. మధ్యాహ్నం సద్ది విప్పకుండా ఇంకో కాయిలు చుట్టింది.

కాయిళ్ళు చుట్టి, మోటరులో పేర్చి, వార్నీషు పోసి ఆరబెట్టేసరికి రెండు రోజులు పడుతుంది. దూరపు రైతులు అంతవరకూ దుకాణంలోనే కాలం వెళ్ళదీస్తారు. మరునాడు పొద్దున ఉప్పలయ్య గోనెపట్టాకు అవతల, బల్ల చివర చేరి బీడీ ముట్టించాడు. అంతకు ముందు రెండుసార్లు వచ్చినప్పుడూ ఆయన ఆమె దగ్గరే కూర్చున్నాడు గాని వాన గురించి, బస్సుల గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. ఈసారి మధ్యలో పట్టా ఉండడమే ఆయనకు సులువైనట్టుంది.

తన వల్ల ఆమె మాట పడిందని మొదలుపెట్టాడు. మాట్లాడవద్దన్నారు గాని వినవద్దనలేదు కదా అనుకుని సరోజన ఫరమా తిప్పుతూనే ఉంది. కాసేపటికి ఉప్పలయ్య మోటరు మాట వదిలేసి అన్న సంగతి ఎత్తాడు.

అన్న పేరు గట్టయ్య. తండ్రి పోయాక పొలం రెండు పాళ్ళయింది గాని బావిని పంచలేరు కదా. ఒకటే బావి, ఒకటే పంపు, ఒకటే మోటరు. నాలుగు రోజులు అన్న వంతు, నాలుగు రోజులు తమ్ముడి వంతు. రెండేళ్ళ కిందట రెండు పొలాల మధ్య గెట్టు మీద జానెడు మట్టి అటు పడిందని ఒకరు, ఇటు పడిందని ఒకరు మాటామాటా అనుకున్నారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరి వంతు ముగిసిన సాయంత్రం బోల్టులు బిగించే పానాను బావి గూట్లో పెట్టి వెళితే, రెండోవాడు మరునాడు వచ్చి తీసుకుంటాడు. ఎదురుపడకుండా ఇద్దరూ వేళలు చూసుకుంటారు. ఈ సంగతి ఊళ్ళో ఎవరితో చెప్పుకున్నా సాయంత్రానికి అన్న చెవిలో పడుతుంది. భార్య మొగిలమ్మతో చెబితే ఆమె మూడు మాటలు ఎక్కువే కలుపుతుంది. ఇక ఎవరితో చెప్పుకోవాలి. రెండేళ్ళుగా కడుపులో పెట్టుకున్నదంతా ఉప్పలయ్య గోనెపట్టాకు చెప్పాడు.

“నా వంతు రాంగనే బాయిల దిగి చూస్త గద చెల్లె, పంపు గ్లాండు కాడ నీళ్ళు బొట్లు బొట్లు కారుతాంటయ్. నా వంతు నీళ్ళు కారిపోవాల్నని కావాలని బోల్టులు ఇప్పి పోతాండు. నేను పానా పెట్టి మంచిగ బిగిస్త. మల్ల నాలుగొద్దులకు పోయి చూస్తె మల్ల కారుతాంటయ్. చిన్నప్పుడు నన్ను భుజం మీద కూసోపెట్టుకొని జాతరకు తీస్కపోయినోడు. బొట్టు నీళ్ళ కాడ దుష్మన్ అయిండు.”

సరోజన చేయి ముప్పై ఒకటో చుట్టు దగ్గర ఆగింది. తీగ జారకుండా బొటనవేలితో నొక్కిపట్టి, ఆ మాటలను మనసులో ఇంకోసారి విన్నది. ఆ తర్వాత ముప్పై రెండు చుట్టింది.

మేస్త్రి భోజనానికి ఇంటికి వెళ్ళేదాకా ఆగి, పట్టా పక్కకు జరిపి వచ్చి ఉప్పలయ్య ఎదురుగా కూర్చుంది. మోటరు బిగించే ముందు పంపు షాఫ్టును చేత్తో తిప్పితే తిరుగుతోందా అని అడిగింది. చేత్తో ఎక్కడ తిరుగుతుంది, రాడ్డు పెట్టి తానూ మొగిలమ్మా కలిసి గుంజితే కదిలిందని ఆయన చెప్పాడు. పాత పంపు కదా, దాని తీరే అంత అనుకున్నారట. స్టార్టరు ఎన్నిసార్లు పడిందని అడిగింది. ఉప్పలయ్య బీడీ వైపు చూశాడు.

“నేను తిట్టేదాన్ని గాదన్నా. అందరు కడ్తరు. ఎన్నిసార్లు పడ్డదో గది చెప్పు.”

“గడెకోసారి పడ్తాండె చెల్లె,” అన్నాడు ఉప్పలయ్య బీడీ నేలకు రాసి ఆర్పుతూ. “అందుకనే కట్టిన.”

మూడుసార్లు మోటరు కాలినా బయటికి రాని నిజం అలా వచ్చింది. గ్లాండు అంటే షాఫ్టు పంపులోకి పోయే చోట నీళ్ళు బయటికి తన్నకుండా మెత్తటి తాడులాంటి డోరి చుట్టి బిగించే ముక్క. దాని నుంచి బొట్టు బొట్టు నీళ్ళు పడుతూ ఉండాలని, ఆ తడే లేకపోతే డోరి కాలి రాయి అవుతుందని కొన్నేళ్ళ కిందట రఘునాథపల్లి నుంచి వచ్చిన సారయ్య అనే ముసలి రైతు ఆమెకు చెప్పి ఉన్నాడు. ఆయన మనుమరాలి పెండ్లి కబుర్లు చెబుతూ మధ్యలో చెప్పిన మాట అది. ఇంకెవరూ ఆ దుకాణంలో దాన్ని వినలేదు. తమ్ముడు బిగిస్తున్నాడు. అన్న కూడా బిగిస్తున్నాడేమో అన్నది ఆమె అనుమానం.

మేస్త్రి వచ్చాక ఆ అనుమానం ఆయనకు చెప్పింది. మోటరొక్కటే దుకాణానికి వస్తోంది, పంపు బావిలోనే ఉండిపోతోంది, మనం సగమే చూస్తున్నామని చెప్పింది. మేస్త్రి చేతిలో పని ఆపకుండా విన్నాడు, అంటే వినలేదు.

“కాయిలు చుట్టేదానివి. పంపు సంగతి నీకెవరు నేర్పిన్రు?”

“రైతులే చెప్పిన్రు మేస్త్రీ.”

“వాళ్ళకే తెలిస్తె నా దగ్గరికెందుకొస్తరు,” అని నవ్వాడు. బల్ల మీద కూర్చున్న రైతులు కూడా నవ్వారు. తమను ఎగతాళి చేసిన మాటకు తామే ఎందుకు నవ్వారో వాళ్ళకూ తెలిసి ఉండదు.

ఆ సాయంత్రం సరోజన కొత్తవాడకు నడిచి వెళుతూ, ఊరుకుంటే సరిపోతుందని అనుకుంది. మోటరును మేస్త్రే స్వయంగా చుట్టాడు. అది రెండు రోజుల్లో కాలి వస్తుంది. అప్పుడు లెక్క తప్పిందని ఎవరిని అంటాడు. తాను వేలు కదపకుండానే తన మాట నెగ్గుతుంది. పోచమ్మ మైదానం దాటేదాకా ఆ ఆలోచన ఆమెకు కమ్మగానే ఉంది. ఆ తర్వాత ఉప్పలయ్య వరి గుర్తుకొచ్చింది. తన లెక్క సరైనదని చూపడానికి రెండెకరాలు ఎండిపోవాలా అనుకునేసరికి సిగ్గేసింది. ఇంటికి వెళ్ళి, మగ్గం గుంటలో కూర్చుని జంపఖానా నేస్తున్న భర్త పర్శరాములుతో రేపు నెక్కొండ వెళుతున్నానని చెప్పింది. మేస్త్రి ఏమంటాడని ఆయన అడిగాడు. వద్దంటాడని చెప్పింది. పర్శరాములు కాసేపు ఆలోచించి, పొద్దున పాసింజరుకు పోతే ఎండ ముదరకముందే చేరవచ్చన్నాడు.

మేస్త్రి వద్దనే అన్నాడు. పొద్దున్నే మోటరు రిక్షాలోకి ఎక్కుతుంటే ఆమె సద్దిమూటతో మెట్టు దిగి దాని వెనక నిలబడడం చూసి ఆయనకు సంగతి అర్థమైంది.

“పోతె పో. మల్ల ఈ మెట్టెక్కకు.”

సరోజన ఆ మెట్టు వైపు ఒకసారి చూసింది. పదేళ్ళుగా రోజూ ఎక్కిన మెట్టు. రిక్షా కదలగానే దాని వెనకే నడిచింది. దారిలో ఒక దుకాణంలో మూరెడు గ్లాండు డోరి, చిన్న డబ్బా గ్రీజు కొనుక్కుని స్టేషనుకు వెళ్ళింది.

నెక్కొండలో దిగి, ఎడ్లబండిలో మోటరు వేసుకుని బావి దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. మొగిలమ్మ ఎదురొచ్చి, మోటరు వెంట ఇంజనీరు సారు వస్తాడనుకుంటే ఒక ఆడమనిషి దిగడం చూసి మొగుడి ముఖం చూసింది. వరి ఆకులు మొనల దగ్గర చుట్టుకుపోతున్నాయి. ఆ రోజు నుంచి గట్టయ్య వంతు. పక్క చెలకలో తుమ్మ నీడన కూర్చుని ఆయన ఇటే చూస్తున్నాడు. అన్నను పిలవమని సరోజన అడిగితే ఉప్పలయ్య ఎడ్లను విప్పే పనిలో పడ్డాడు. ఆమె తానే వెళ్ళింది.

గట్టయ్య మొదట మోటరు గురించి అడిగాడు. ఆమె జవాబు చెప్పి, అక్కడే గట్టు మీద కూర్చుంది. మంచినీళ్ళు అడిగి తాగింది. కూర్చున్న మనిషి లేవకపోయేసరికి గట్టయ్య మెల్లగా మొదలుపెట్టాడు. జానెడు గెట్టు, ఎవరో మోసిన మాటలు, తల్లి దినాలకు తమ్ముడు వేరుగా పెట్టుకున్న పొయ్యి, ఒకటొకటిగా అన్నీ వచ్చాయి. చివరికి పంపు సంగతికి వచ్చాడు.

“ఇప్పుడు చెప్పుడెందుకు గని బిడ్డా, నా వంతు వచ్చేటాల్లకు గ్లాండు వదులు చేసి పోతడు మా తమ్ముడు. నీళ్ళన్ని బొట్లు బొట్లు పోతాంటయ్. నేను పోయి బిగిచ్చుకుంట. ఎవ్వలికీ చెప్పలే. చెప్తె నవ్వుతరు.”

సరోజన నవ్వలేదు. లోపల నవ్వూ దుఃఖమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. లేచి, బావిలోకి రమ్మని అడిగింది. తమ్ముడు ఉంటే తాను రానన్నాడు. “మాట్లాడొద్దు. చెయ్యి ఒక్కటి సాయం పట్టు,” అన్నది. ఇంతసేపు తన మాట విన్న మనిషి అడిగితే కాదనడం గట్టయ్యకు చేతకాలేదు.

చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆమె రాతిమెట్ల మీదుగా పంపు ఉన్న గూటి దాకా దిగింది. అన్నదమ్ములు చెరోవైపు నిలబడ్డారు. ఇద్దరినీ షాఫ్టును మోటరుకు కలిపే కప్లింగు పట్టి తిప్పమంది. చెరో చేయి వేశారు. కదల్లేదు. రెండు చేతులూ వేసి, పళ్ళు బిగించి గుంజారు. షాఫ్టు అరంగుళం కదిలి మళ్ళీ పట్టేసింది.

“మీరిద్దరు కలిసి తిప్పితె తిరగనిదాన్ని మోటరు ఒక్కటే తిప్పాలె,” అన్నది సరోజన. “గందుకే కాల్తాంది.” ఆ తర్వాత ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని అడిగింది. “గట్టన్నా, ఈ బోల్టులు నువ్వెప్పుడన్న ఇప్పినవా?”

“నేనెందుకిప్పుత. బిగిచ్చిన.”

“ఉప్పలన్నా, నువ్వు?”

“నేను గూడ బిగిచ్చిన.”

పైన ఒడ్డు మీద నుంచి మొగిలమ్మ వంగి చూస్తోంది. అన్న తమ్ముడి వైపు చూశాడు, తమ్ముడు అన్న వైపు చూశాడు. రెండేళ్ళలో ఒకరి ముఖం ఒకరు సూటిగా చూసుకోవడం అదే. ఎవరూ విప్పలేదు. దానంతటదే పడాల్సిన బొట్టును చూసి నాలుగు రోజులకొకరు చొప్పున ఇద్దరూ బిగించుకుంటూ వచ్చారు.

పానాతో బోల్టులు విప్పడానికి ఇద్దరి బలమూ కావలసి వచ్చింది. సరోజన ఇనుపకొక్కెం పెట్టి లోపలి డోరి లాగితే అది తాడులా రాలేదు, పెనం మీద మాడిన రొట్టె అంచులా ముక్కలు ముక్కలుగా రాలింది. ఒక ముక్కను గట్టయ్య వేళ్ళతో నలపబోయి, నలగక, చూసి తమ్ముడి చేతిలో పెట్టాడు. సరోజన కొత్త డోరిని గ్రీజులో అద్ది, షాఫ్టు కొలతకు మూడు ముక్కలు కోసి, అతుకులు ఒకే చోట పడకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టింది. బోల్టులు పానాతో కాకుండా వేళ్ళతోనే బిగించింది. అప్పుడు కప్లింగును ఒంటిచేత్తో తిప్పింది. అది తిరిగింది.

మోటరు బిగించారు. స్టార్టరుకు ఉన్న పేలికను ఉప్పలయ్య తనంతట తానే విప్పి జేబులో పెట్టుకున్నాడు. కరెంటు మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చింది. మీట నొక్కితే మోటరు గురక లేకుండా లేచింది. పైపులో నీళ్ళు ఎక్కి కాలువలో పడ్డాయి. గ్లాండు దగ్గర ఒక బొట్టు కూడి కూడి కింద పడింది, దాని వెనక ఇంకోటి. ఇద్దరి చేతులూ అలవాటుగా పానా కోసం కదిలాయి.

“గీ బొట్టు పడాలె,” అన్నది సరోజన. “ఎవ్వరి వంతుల పడ్డా సరే. ఇది బందైన్నాడు మోటరు కాల్తది.”

స్టార్టరు ఒక్కసారి కూడా పడలేదు. సాయంత్రం ఐదింటికి ఆమె మోటరు మీద అరచేయి ఆనించి చూసింది. చేయి పెట్టి ఉంచగలిగేంత వేడే ఉంది. వంతు గట్టయ్యది. ఆయన కాలువ దగ్గరికి వెళ్ళి పారతో మడవ తీసి, నీళ్ళు తమ్ముడి మడిలోకి తిప్పి వచ్చాడు. తన వరి ఇంకో రెండు రోజులు ఆగుతుందని ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు. ఉప్పలయ్య తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత మూడు రోజులు సరోజన ఇంట్లోనే ఉంది. పని పోయిందని దిగులు లేదనడం అబద్ధమవుతుంది. పొద్దున లేచి స్టేషన్ రోడ్డు వైపు నడవకపోవడం ఒంటికి పడలేదు. చేతులు ఊరుకోక పర్శరాములుకు కండెలు చుట్టి పెట్టింది. నాలుగో రోజు సాయంత్రం గుమ్మంలో నర్సింగం మేస్త్రి నిలబడ్డాడు. ఆయన కొత్తవాడకు రావడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చున్నాడు. ఆమె రాట్నం తిప్పుతూనే ఉంది.

ఆ పొద్దున అన్నదమ్ములిద్దరూ ఒకే బండి దిగి దుకాణానికి వచ్చారట. చెల్లె ఏదని అడిగారట. మోటరు నడుస్తోందని వినగానే, మరి చుట్టిందెవరు, నేను చుట్టాను గనక నడుస్తోందని మేస్త్రి అన్నాడట. అప్పుడు గట్టయ్య, దుకాణం నిండా రైతులుండగా, షాఫ్టు సంగతంతా మొదటి నుంచి చెప్పాడట. ఆమె రాకపోతే మీరు చుట్టిందీ మొదటి రోజే మాడేదని అన్నాడట. ఎవరూ నవ్వలేదట. ఒక రైతు లేచి, సరోజనక్క ఉన్ననాడే వస్తానని మోటరును మళ్ళీ రిక్షాలో వేయించుకున్నాడట. మేస్త్రి ఇదంతా చెబుతుంటే సరోజన మధ్యలో ఒక్క మాట అనలేదు. ఆయన జీవితంలో అంతసేపు ఏకధాటిగా మాట్లాడి ఉండడు. తన గురువు తనకు చెంపదెబ్బలతో ఎలా పని నేర్పాడో, అడిగితే తెలియనివాడంటారని తాను ఎవరినీ ఎందుకు అడగడో, అవి కూడా చెప్పాడు. చెప్పాక కొంచెం తేలికపడినట్టు కనిపించాడు.

“తుక్కు సంచిల కాయిళ్ళు తీసి లెక్కపెట్టిన సరోజనా. నాలుగు చూసిన. నలభై ఎనిమిదే ఉన్నయ్. రేపటి సంది రా.”

సరోజన రాట్నం ఆపింది.

“గిది ఈడ చెప్తె నేనొక్కదాన్నే వింట మేస్త్రీ. మీరన్నది ఆరుగురి ముందట.”

నర్సింగం లేచి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మరునాడు సరోజన ఆ మెట్టెక్కింది. దుకాణంలో అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు. మేస్త్రి గ్రైండరు మీద ఏదో ఇనుపముక్క అరగదీస్తున్నాడు, నిప్పురవ్వలు పడుతున్నాయి. ఆమె నేరుగా వెళ్ళి గోనెపట్టా ముడులు విప్పి, చుట్టి గోడవారగా పెట్టింది. ఎవరూ వద్దనలేదు. అప్పుడే నర్సంపేట దిక్కు నుంచి యాకమ్మ అనే ఆమె మోటరు దింపించి మేస్త్రి ముందుకు వచ్చింది. మోటరు కాలిందని, తన తప్పేమీ లేదని, పేలిక కట్టలేదని ఒక్క ఊపిరిలో చెప్పింది. మేస్త్రి ఆమె వైపు కాకుండా బల్ల మీద కూర్చున్నవాళ్ళ వైపు తిరిగాడు. గ్రైండరు మోతకు మించి వినిపించేలా గొంతు పెంచాడు.

“ఉప్పలయ్య మోటరుకు చుట్లు తక్కువున్నయని మొన్న నేనన్న. తక్కువ లెవ్వు. నేనే లెక్కపెట్టిన. తప్పు నాది, సరోజనది గాదు.” ఆ తర్వాత యాకమ్మతో అన్నాడు. “ముందుగాల ఆమెకు చెప్పు.”

యాకమ్మకు అర్థం కాలేదు. “మోటరు సంగతి చెప్పాల్నా సారూ, ఇంటి సంగతా?”

“ఆమె ఏదడిగితె అది చెప్పు.”

బల్ల మీద వెనకగా కూర్చున్న ఒక రైతు గొంతు సవరించుకుని ఇంకొంచెం ముందుకు జరిగాడు. సరోజన ఫరమా ఒళ్ళోకి తీసుకుని, యాకమ్మకు ఎదురుగా పీట వేసింది. యాకమ్మ కూర్చుని, కొంగు సర్దుకుని, అటూ ఇటూ చూసి చెప్పడం మొదలుపెట్టింది. గ్రైండరు చప్పుడులో మొదటి మాట వినిపించలేదు. సరోజన చెవి దగ్గరికి వంచింది.

నర్సింగం మేస్త్రి చేయి చాపి గ్రైండరు ఆపేశాడు.